ఇరవై రెండు వాట్ల పెట్టె

జూన్ 3, 2012, ఆదివారం

పాత కంప్యూటర్‌నే సర్వర్‌గా వాడుకుంటే పోలా అంటాడు అన్నయ్య. అది ఏ పనీ చేయకుండా కూర్చున్నా నూట ముప్ఫై వాట్లు లాగుతుందని మీటరు పెట్టి మరీ చూపించాను. ఇన్వర్టర్ మీద ఇప్పటికే రెండు ఫ్యాన్లు, ఒక ట్యూబ్‌లైటు, టీవీ ఉన్నాయి. ఆపైన దీన్ని కూడా తగిలిస్తే అరగంట తిరక్కుండా కుయ్యోమని అరిచి పడుకుంటుంది. పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు తీసేస్తున్న ఈ రోజుల్లో మల్కాజ్‌గిరిలో ఎవరింట్లోనైనా ముందు చూసుకోవలసింది వాట్లే. "నీకు ప్రతిదీ కొత్తది కావాలి" అన్నాడు. నలభై అంగుళాల కొత్త టీవీ నేను కొన్నానా?

తొమ్మిదేళ్లుగా నా ఉద్యోగమే ఇది. పెద్ద పెద్ద కంపెనీలు తమ డేటా దాచుకునే పెట్టెలు ఎప్పుడు, ఎలా పాడవుతాయో పరీక్షించి చెప్పడం. హైటెక్ సిటీలో నా మాట నలుగురు వింటారు. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి మాత్రం నేను మొగుణ్ణి వదిలేసి వచ్చి అన్న దేముడుబాబు ఇంట్లో ఉంటున్న చెల్లెల్ని.

ఇంట్లో ఉన్న ఫోటోలు, వీడియోలు అన్నీ ఒకచోట పడేస్తే టీవీ ముందు కూర్చుని రిమోట్ నొక్కి చూసుకోవచ్చని ఈ సర్వర్ గొడవ. అన్నయ్య, కాంతమణి వదిన ఊటీ వెళ్లినవి, వదిన తమ్ముడి గృహప్రవేశం, అన్నయ్య ఇన్సూరెన్స్ ఆఫీసు పిక్నిక్కులు. ఇప్పుడవి సీడీల్లో, కెమెరా కార్డుల్లో, మూడు ఫోన్లలో చెల్లాచెదురుగా ఉన్నాయి. సరే, నేను చేసి పెడతానన్నాను. ఇలాంటి పని నాకిష్టం, అది దాచుకోవడం దేనికి.

అన్నీ మాట్లాడుకోవడం అయ్యాక అమ్మ అడిగింది. "ఆ పెట్టిలోన నీ పెళ్లి కేసెట్లు గూడా ఎట్టీవొచ్చేటమ్మా?"

వదిన బీరకాయ చెక్కుతూ తల దించుకుంది. అన్నయ్య టీవీతో వచ్చిన పుస్తకం తిరగేయడం మొదలుపెట్టాడు. నేను కరెంటు వచ్చిందేమో చూస్తానని లేచి వరండాలోకి వెళ్లాను. కరెంటు పోనేలేదు.

జూన్ 4

పెట్టను.

జూన్ 9, శనివారం

అమ్మను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. కుడికన్ను చూపు ఎప్పుడో పోయింది. ఎడమ కంట్లో కూడా నరం ఎండిపోతోందట. చూపు చుట్టూ నుంచి మూసుకుంటూ వస్తుందనీ, మధ్యలో కాస్త మిగులుతుందనీ, అది ఆరు నెలలుంటుందో ఏడాది ఉంటుందో చెప్పలేమనీ డాక్టరు ఇంగ్లీషులో చెప్పింది. చుక్కలు మార్చి రాసింది. అమ్మకు నేను చెప్పకముందే అర్థమైపోయింది.

ఆటోలో అమ్మ నా మోచేయి పట్టుకుని, కళ్లున్నప్పుడే తమ్ముడు కామరాజుని ఓసారి చూసుకోవాలని ఉంది అంది. అమ్మకు నా పెళ్లి అక్కర్లేదు. తమ్ముడు కావాలి. మావయ్యవి ఫోటోలు రెండున్నాయి, రెండింట్లోనూ పదిమంది వెనకాల నిలబడ్డాడు. నడిచే మావయ్య, నవ్వే మావయ్య నా పెళ్లి క్యాసెట్లలో తప్ప ఎక్కడా లేడు. ఆ క్యాసెట్లు నా ట్రంకుపెట్టెలో, అడుగున, తాళం వేసి ఉన్నాయి.

మావయ్య పోయి మూడేళ్లు. చివరిచూపుకు కూడా నేను చోడవరం వెళ్లలేదు. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజు ఉందని చెప్పాను. రిలీజు నిజంగానే ఉంది, పది రోజుల తరువాత.

నా మొగుడు విష్ణువర్ధన్‌కు వైజాగులో ఇంకో సంసారం ఉందని పెళ్లయిన రెండో ఏట బయటపడింది. మావయ్యకు ఆ మాట పెళ్లినాటికే చెవిన పడిందని ఆ తరువాత తెలిసింది. తెలిసి కూడా నన్ను గంపలో కూర్చోబెట్టి, ఎత్తుకొచ్చి, పీటల మీద దించాడు. ఒక్క మాట చెప్పి ఉంటే అక్కడికక్కడే ఆ గంపలోంచి దిగిపోయేదాన్ని. 2003లో పెట్టె పట్టుకుని ఇంటికొచ్చిన రోజు మొహం మీదే అడిగాను, ఎందుకు చెప్పలేదని. నేల చూస్తూ కూర్చున్నాడు. తప్పు చేసినవాడు నేల చూడక ఏం చూస్తాడు? అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తమ్ముణ్ణి వెనకేసుకు రావడానికి ఆవిడకు కూడా మాట దొరకలేదు.

ఆ రోజు నుంచి ఆయన పోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు నేను. అందులో నాకు పశ్చాత్తాపం లేదు.

జూన్ 17, ఆదివారం

పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులన్నీ నాలుగు గంటలు తిరిగాను. చూసినవి మూడు.

ఒకటి, రెండు డిస్కులతో సిద్ధంగా వచ్చే పెట్టె. అందంగా ఉంది, పదిహేడు వాట్లు, చప్పుడు లేదు. కానీ అది పాడైతే విప్పి బాగుచేసుకునే వీల్లేదు. ధర విని అన్నయ్య మొహం ఊహించుకున్నాను. రెండోది, ఏదో కంపెనీ వదిలించుకున్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్. బ్యాటరీయే ఇన్వర్టర్‌లా పనికొస్తుంది, చవక. కానీ లోపల ఒకటే డిస్కు. ఒకే డిస్కు మీద ఏదైనా దాచుకోవడం నా వృత్తికే అవమానం. మూడోది ఫ్యాన్ లేని చిన్న బోర్డు, లాప్‌టాపుల్లో పెట్టే చిన్న డిస్కులు రెండు, రేకు డబ్బా, నేనే బిగించుకోవాలి. అన్నీ కలిపి ఇరవై రెండు వాట్లు.

మూడోదే తీసుకున్నాను. మేడమ్, సినిమాలకైతే ఈ ప్రాసెసర్ చాలదు, ఇంకో మోడల్ చూడండి అని షాపతను వెంటపడ్డాడు. చాలదని నాకూ తెలుసు. ఫైలును అప్పటికప్పుడు టీవీకి సరిపడేలా మార్చి పంపడం దీని వల్ల కాదు. ముందే మార్చి, సిద్ధంగా పెట్టినవాటిని మాత్రం హాయిగా పంపుతుంది. పెద్ద మిషన్‌కు వాట్లు ఎవరిస్తారు? ఆ కష్టమేదో నేనే పడతాను.

జూన్ 24, ఆదివారం

బిగించాను. టీవీ వెనక చెక్క అరలో పట్టింది. డిస్కులు రెండూ ఒకదానికొకటి అద్దంలా పెట్టాను, ఒకదాంట్లో రాసిందల్లా రెండోదాంట్లోనూ పడుతుంది, ఒకటి పోయినా రెండోది ఉంటుంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు, టీవీ, పెట్టె అన్నీ గంటా నలభై నిమిషాలు నడిచాయి. ఇన్వర్టర్ కిక్కురుమనలేదు.

అన్నయ్య తన స్నేహితుడికి ఫోన్ చేసి "మా ఇంట్లో సర్వర్ పెట్టించాను" అని చెప్పుకున్నాడు. పెట్టించాడట.

రాత్రి అన్నం దగ్గర అమ్మ ఏమీ అడగలేదు. అడగకపోవడం కూడా ఒక రకం అడగడమే. పచ్చడి గిన్నె కోసం చెయ్యి చాపి, గిన్నెకు జానెడు దూరంలో తడుముకుంది.

జూలై 1, ఆదివారం

ట్రంకుపెట్టె తీశాను. అమ్మ కోసం.

మూడు క్యాసెట్లు. మొదటి రెండూ వీడియో అతను పాటలు కలిపి ఇచ్చినవి. మూడోది ఎడిట్ చేయని మిగులు ముక్కలు. మూడింటికీ బూజు పట్టింది, మూడోదానికి మరీను. చుట్ట మీద తెల్లగా సున్నం కొట్టినట్టుంది.

అమ్మకు మూడోదే ముఖ్యమట. అప్పగింతలప్పుడు మావయ్య ఏడ్చిన ముక్క అందులో ఉందేమో. ఇంకో మాట కూడా చెప్పింది. "నువ్వు సూడక్కర్నేదమ్మా. బాగుసేసేవోడికే ఇచ్చీసి, అంతా ఆడినే సెయ్యమను." నా మీద జాలి పడుతోంది కాబోలు. పదకొండేళ్ల కిందటి పెళ్లి చూస్తే నేనేమైనా కరిగిపోతానా?

జూలై 4

కార్ఖానా ఏరియాలో ఆర్థర్ అని ఒకాయన ఇంకా వీసీఆర్‌లు బాగుచేస్తాడని ఆఫీసులో చెప్పారు. అరవై ఏళ్ల మనిషి, మెడలో సిలువ, కళ్లద్దాల మీద ఇంకో భూతద్దం. క్యాసెట్ల మూతలు ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"రెండు మంచిగనే ఉన్నయి మేడమ్. గీ మూడోది ఫుల్ ఖరాబైంది. సాఫ్ చేసి ఇస్తా గానీ ఒక్కసారే నడుస్తదనుకోండి. ఎక్కించుకునేది ఏదున్నా అప్పుడే ఎక్కించుకోవాలె. రెండోసారికి నాది గ్యారంటీ లేదు."

కావాలంటే తనే కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తానన్నాడు, నాకు తక్లీఫ్ లేకుండా. వద్దన్నాను. ముక్కూమొహం తెలియని మనిషి నా పెళ్లి కూర్చుని చూడటమెందుకు. క్యాసెట్లు శుభ్రం చేయించుకుని, ఒక వీసీఆర్ అద్దెకు తెచ్చుకున్నాను.

జూలై 8, ఆదివారం

మొదటి క్యాసెట్టు. మూడు గంటల క్యాసెట్టు ఎక్కడానికి మూడు గంటలే పడుతుంది, దీనికి దగ్గరదారి లేదు. ఎక్కించడమే కాదు, మన పెట్టె చిన్నది కాబట్టి ముక్కలుగా కోసి, టీవీకి తగ్గట్టు మార్చి, పేర్లు పెట్టాలి. పేర్లు పెట్టాలంటే చూడాలి.

చూశాను. మొత్తం పాటలే. మంత్రాల మీద పాట, భోజనాల మీద పాట, మా పెద్దమ్మ ఏదో చెబుతుంటే ఆవిడ నోటి మీద పాట. మనుషులందరూ నోళ్లు కదుపుతారు, ఒక్కళ్ల మాట వినిపించదు. మావయ్య తలపాగా చుట్టుకుని గంప ఎత్తుకొస్తున్నాడు, గంపలో నేను. వెనక హుషారు పాట ఒకటి తగిలించాడు, రాక్షసుడు.

నేను ప్రతిచోటా నవ్వుతున్నాను. వీడియో అతను నవ్వమని చెప్పి ఉంటాడు. వాళ్లు అలాగే చెబుతారు.

జూలై 15, ఆదివారం

రెండోది. విష్ణువర్ధన్ చెవిలో నేనేదో చెబుతున్నాను. అతను నవ్వాడు. ఏం చెప్పానో గుర్తులేదు.

జూలై 22, ఆదివారం

మూడోది కూడా అయింది. ఏమీ లేదు. మిగులు ముక్కలు.

జూలై 23

ఏమీ లేదని రాశాను నిన్న.

వంటవాళ్లు, బయట ఆగిన కార్లు, పిల్లలు, అరటి గెలలు. ఆ తరువాత పెళ్లికూతురి గది. వీడియో అతను కెమెరా ఏ పెట్టె మీదో దించి, ఆపడం మరిచిపోయి టిఫినుకు పోయినట్టున్నాడు. బొమ్మ ఓరగా ఉంది. మొహాలు లేవు. మావయ్య పట్టుపంచె, మోకాళ్లు, ఖాళీ గంప, గోరింటాకు పెట్టుకున్న నా చేతులు. దీని మీద పాట లేదు. గడియారం చప్పుడు కూడా వినిపిస్తోంది.

మావయ్య అంటున్నాడు: "సుదమ్మా, ఆ కుర్రోడి గురించి ఓ మాట ఇన్నాను. వైజాగులోన ఎవులో ఉన్నారంట. నిజమో అబద్దమో నాకు తెల్దు. నీకిష్టం నేకపోతే ఇపుడే సెప్పు. ఇంకా గంప ఎత్తనేదు. నేనెళ్లి ఈ పెళ్లి నేదని సెప్పీస్తాను. మాట నేను పడతాను."

నేను నవ్వాను. అది నా నవ్వే. "నాకు తెలుసు మావయ్యా. అదెప్పుడో అయిపోయిందట, ఆయనే చెప్పారు నాకు. నాకిష్టమే. నువ్వు ఎత్తు, ముహూర్తం దాటిపోతుంది."

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఇష్టమే అన్నాను. మూడోసారి విసుక్కున్నాను కూడా. ఆయన గట్టిగా ఊపిరి తీసుకుని వంగాడు. గంప పైకి లేచింది. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.

జూలై 24

గంప పక్కన పెట్టుకుని అడగడం ఒక అడగడమేనా? బయట నాలుగు వందల మంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల ఏమంటుంది? పెద్దవాడు, ఆయనే ఆపాల్సింది.

జూలై 25

నాకెందుకు గుర్తులేదు.

ఆయన 2003లో నోరు విప్పి, నిన్ను అడిగాను కదే అని అనొచ్చు కదా. ఎందుకు అనలేదు. అంటే నేను ఏమనేదాన్ని. అబద్ధం అనేదాన్ని. ఒట్టు పెట్టి మరీ అనేదాన్ని.

జూలై 26, గురువారం

సెలవు పెట్టాను. మూడో క్యాసెట్టు ఫైలును శుభ్రం చేశాను. అమ్మకు కావలసింది తమ్ముడి మొహం. ఆ నాలుగు నిమిషాల్లో మొహం లేదు, మోకాళ్లు ఉన్నాయి. పనికిరాని ముక్క. అది కోసేశాను. అరటి గెలల తరువాత నేరుగా ఊరేగింపు వస్తుంది, అతుకు తెలియదు. లాప్‌టాప్‌లో ఉన్న, కోయని ముడి ఫైలు తీసేశాను. సర్వర్‌లో ఉన్న ముడి ఫైలు కూడా తీసేశాను.

రెండు డిస్కుల అద్దం గురించి కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు మొదటి రోజు నేను చెప్పే మాట ఒకటుంది. ఇక్కడ రాసింది అక్కడా పడుతుంది, ఇక్కడ తుడిచింది అక్కడా పోతుంది. డిస్కు చెడిపోతే అది మిమ్మల్ని కాపాడుతుంది, మీ చేతుల నుంచి మాత్రం కాపాడదు. పిల్లలు నవ్వుతారు. అది జోకని అనుకుంటారు.

మూడో క్యాసెట్టు చెత్తబండిలో వేశాను. బూజు మిగతావాటికి అంటుకుంటుంది.

జూలై 29, ఆదివారం

అన్నయ్య వీడియోలన్నీ సర్వర్‌లోకి ఎక్కించాను. ఊటీ ఒక్కటే ముప్ఫై ఫైళ్లు. గుర్రం మీద వదిన, గుర్రం దిగుతున్న వదిన, దిగాక గుర్రం. డిస్కు దాదాపు నిండింది. అన్నయ్య సంతోషించాడు. ఇన్నాళ్లకు ఇంటికి పనికొచ్చే పని చేశావన్నాడు. హాస్యానికే అన్నాడు.

ఆగస్టు 5, ఆదివారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పది గంటలకు, కరెంటు పోకముందే మొదలుపెట్టాం. అమ్మ తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని వచ్చింది. పీట తెచ్చుకుని టీవీకి మూరెడు దూరంలో కూర్చుంది. మొదటి క్యాసెట్టు. వాడేడి, వాడేడి అని అడుగుతుంటే నేను తెర మీద వేలు పెట్టి చూపించాను. నా వేలు పట్టుకుని, అది ఎక్కడ ఆగితే అక్కడ చూసింది. తలపాగాని పోల్చుకుంది. తెర మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. వదిన ముక్కు చీదుకుంటూ లోపలికి వెళ్లింది. ఈ ఒక్క పనైనా చేశాను కదా అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

తరువాత అమ్మ మూడోది పెట్టమంది. అన్నయ్య భోంచేశాక చూద్దామన్నాడు. వినలేదు. ఫ్యాను ఆపించింది. సౌండు పెంచమంది. అందరినీ మాట్లాడవద్దంది. పీట మీద పక్కకు తిరిగి, టీవీ వైపు మొహం కాకుండా చెవి పెట్టి కూర్చుంది. అప్పుడైనా నాకు తట్టలేదు.

వంటవాళ్లు, కార్లు, పిల్లలు, అరటి గెలలు, ఊరేగింపు. అయిపోయింది.

"గదిలోది రానేదు" అంది అమ్మ.

ఏ గది అన్నాను.

"నిన్ను గంపలోన కూకోబెట్టకముందు వాడు అడిగినాడు గదా. నేను గుమ్మంలోనే ఉన్నాను. నువ్వు కాపురానికెళ్లినాక కేసెట్టు ఏసుకుని మళ్లీ ఇన్నాను. మిగతాదంతా పాటలేనమ్మా. వాడి గొంతు ఆ ఒక్క దగ్గరే తిన్నగా ఇనిపిస్తాది."

అన్నయ్య నా వైపు, అమ్మ వైపు మార్చి మార్చి చూశాడు. తనకేమీ తెలియదు. నేను బుద్ధి లేకుండా "నీకు తెలుసా?" అన్నాను. తెలుసంది. మరి తొమ్మిదేళ్లూ, నేను ఆయన్ని తిట్టినప్పుడల్లా ఎందుకు నోరు మూసుకున్నావని అరిచాను.

అమ్మ గొంతు పెంచలేదు. "వాడే సెప్పొద్దన్నాడు. దానికి తిట్టుకోడానికి ఎవులో ఒకలు ఉండాల, నన్నే తిట్టుకోనీయక్కా అన్నాడు."

నాకు వినిపించాలనే ఆ క్యాసెట్టు తీయించావా అని అడిగాను. కాదంది. నువ్వు చూడొద్దనే కదా ముందే చెప్పాను అంది. కళ్లు ఎలాగూ పోతాయి, గొంతైనా దగ్గర పెట్టుకుందామనుకున్నానంది. అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

ఆ ముక్కను బూజు తినేసిందమ్మా, రాలేదు అని చెప్పాను.

"అలగా" అంది. పీట తీసుకుని గదిలోకి వెళ్లింది. గుమ్మం తగలకుండా చెయ్యి ముందు పెట్టుకుని వెళ్లింది.

ఆగస్టు 6

ఆఫీసుకు వెళ్లలేదు. తుడిచిన ఫైళ్లు వెనక్కి తెచ్చే పనిముట్లు నాలుగు ఉన్నాయి, నాలుగూ నడిపాను. లాప్‌టాప్‌లో ఏమీ మిగల్లేదు, దాని డిస్కును పోయిన వారమే పూర్తిగా చెరిపి మళ్లీ సిద్ధం చేసుకున్నాను, ఎందుకో తెలియనట్టు.

ఆగస్టు 8, బుధవారం

సర్వర్ డిస్కులు రెండూ విప్పి విడివిడిగా చదివించాను. ఆ ఫైలు ఉన్న చోటంతా ఊటీ. ఒకదాంట్లో ఊటీ, రెండోదాంట్లోనూ అదే ఊటీ. పెట్టె చెప్పినట్టే పనిచేసింది, దాన్ని అనడానికేమీ లేదు.

ఆగస్టు 9

చెత్తబండి మనిషిని అడిగాను. రెండు వారాల కిందటి క్యాసెట్టా మేడమ్ అని నవ్వాడు. అవన్నీ డంపుకు పోతాయన్నాడు.

కాప్రాలో పెళ్లి వీడియోలు తీసేవాళ్ల సంఘం పెద్ద ఒకాయన ఉంటాడని ఎవరో చెబితే, సాయంత్రం బస్సెక్కి అక్కడికీ వెళ్లాను. చోడవరంలో పదకొండేళ్ల కిందట తీసిన టేపు ఎవరి దగ్గరా ఉండదన్నాడు. అప్పట్లో ఒక పెళ్లి టేపు మీదే ఇంకో పెళ్లి తీసేవాళ్లమన్నాడు. టీ తాగమన్నాడు. తాగి వచ్చాను.

ఆగస్టు 10

అన్నయ్య మాట్లాడటం లేదు. నేను క్యాసెట్టు చెత్తబండిలో వేయడం వదిన చూసి చెప్పి ఉంటుంది, లేదా తనే ఊహించి ఉంటాడు. కరెంటు బిల్లు వచ్చింది, పెరగలేదు. బల్ల మీద నాకు కనిపించేలా పెట్టి వెళ్లాడు.

ఆగస్టు 12, ఆదివారం

మధ్యాహ్నం కరెంటు పోయాక అమ్మ పిలిచింది. మంచం మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చోమంది. నేనే బయటపడదామనుకున్నాను, నేనే కోసేశానని చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచేలోపే చెయ్యెత్తి ఆపింది.

"బూజు తినీసిన ముక్క నువ్వెలాగ ఇన్నావో నేనడగను. ఇన్నావు గదా. నాకు వాడి మాటలు అక్కడక్కడా గురుతు పోతున్నాయి. నువ్వు సెప్పు. వాడిలాగ సెప్పు."

వద్దమ్మా అన్నాను. అలాగే కూర్చుంది. నేను లేవలేకపోయాను. చివరికి చెప్పాను. తొమ్మిదేళ్లు ఆయన్ని తిట్టిన నోటితో, ఆయన యాసలో, సుదమ్మా అని నన్ను నేనే పిలుచుకుని చెప్పాను. ఆ కుర్రోడి గురించి ఓ మాట ఇన్నాను అని చెప్పాను. ఇంకా గంప ఎత్తనేదు అని చెప్పాను. మాటలొస్తే నేను చూసుకుంటాను అని చెబితే అమ్మ దిద్దింది, అలా కాదు, మాట నేను పడతాను అన్నాడు అంది. మళ్లీ చెప్పించింది. కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ వింది. ఆవిడ మొహంలో ఆ కాసేపు వెలుగు వచ్చింది, అది నేను చూశాను, అందుకే ఆపలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

అయిపోయిందనుకున్నాను. అమ్మ కళ్లు తెరవలేదు.

"మరి నువ్వేటన్నావు?"

ఇష్టమే అన్నాను, అని చెప్పాను.

"అలగ కాదు" అంది అమ్మ. "నవ్వి సెప్పినావు."

నవ్వి చెప్పాను.